దబ్బనం సాక్ష్యం

మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి సుంకప్ప బేతంచెర్లలో రైలు దిగాడు. తొమ్మిదీ నలభైకి కృష్ణవేణమ్మ గారి బండల గని ఆఫీసు వరండాలో చెక్క కుర్చీ మీద కూర్చున్నాడు. పదిన్నర కాకముందే ఆ ఆవరణలో ఇద్దరికి ఆయనంటే గిట్టకుండా పోయింది. ఇంత తక్కువ వ్యవధిలో ఇద్దరిని సంపాదించుకోవడం ఆయనకు కొత్తేమీ కాదు.

సుంకప్పది ఆలూరు. ఇరవై రెండేళ్లు రైల్వేలో సరుకుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఎక్కడో ఎక్కించిన మూట ఇంకెక్కడా దిగకపోతే, అది ఏ స్టేషన్లో ఎవరి చేతుల్లోంచి జారిపోయిందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కర్నూల్లో ఒక గది అద్దెకు తీసుకుని, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టాడు. కర్నూలు రాజధాని అయి రెండేళ్లయింది గనుక ఊళ్లో బోర్డులకు కొదవ లేదు. ఆ బోర్డు చూసి లోపలికొచ్చేవాళ్లకే కొదవ.

కృష్ణవేణమ్మకు యాభై దాటాయి. భర్త పోయిన తొమ్మిదేళ్లుగా గని పనీ, పాలిషు పనీ ఆమే చూసుకుంటోంది. లారీలు, బయటి ఊళ్ల బేరాలు, ఇంగ్లీషు ఉత్తరాలు మరిది పుల్లయ్య చూస్తాడు. కర్నూల్లో సర్కారు కచేరీల కట్టడాలు మొదలయ్యాక బండలకు గిరాకీ పెరిగింది, దాంతో పాటు తలనొప్పీ పెరిగింది. ఏ కొలత బండ ఎవరి కోసం కోశారో, ఏ మూల పేర్చారో, ఏ లారీకి ఎక్కించారో గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాకుండా పోయింది. ఒకసారి కచేరీకి కోసిన బండలు ఆదోని మిల్లుకు పోయి, మిల్లుకు కోసినవి కచేరీ గుమ్మం ముందు దిగాయి.

దీనికి ఆమె ముందు రెండు దార్లున్నాయి. ఒకటి, మద్రాసు కంపెనీవాళ్లు అమ్మజూపుతున్న చీటీల యంత్రం. పిడి పట్టుకుని తిప్పితే చీటీలను అదే ఏరి పెడుతుందట. రెండోది, ఆఫీసు గుమాస్తా గాబ్రియేలు ఆరేళ్లుగా సొంత బుర్రతో తయారుచేస్తున్న అట్ట చీటీల ఏర్పాటు. సోమవారం రెండింటికీ ఒకేచోట పరీక్ష పెట్టి, ఏది గెలిస్తే దాన్ని ఉంచుకుందామనుకుంది. శనివారం మధ్యాహ్నం గాబ్రియేలు ఆఫీసు వెనకున్న పాత గుంతలో, ముప్ఫై అడుగుల లోతున, తల పగిలి కనిపించాడు. ప్రాణం పోలేదు గానీ స్పృహ లేకుండా కర్నూలు ఆసుపత్రిలో పడి ఉన్నాడట. అతని బల్ల సొరుగులో ఉండవలసిన ఒక్క కాగితం మాయమైంది. చీటీల మీద ఏ గుర్తుకు ఏ అర్థమో రాసి ఉన్న కాగితం అది. అది లేకపోతే పదకొండు వేల చీటీలూ మూగవే.

మద్రాసు ఏజెంటు వరదరాజన్‌ను సర్కిల్ ఇన్‌స్పెక్టరు శ్రీనివాసులు ఆదివారమే పట్టుకుని, గనిలోని అతిథి గదిలో కాపలా పెట్టి ఉంచాడు.

"ఒప్పందం కాయితం ఇదో, ఈడ ఉండాది," అంది కృష్ణవేణమ్మ. "సాయంత్రం మెయిలుకు పంపకుంటే ఆ యంత్రం కడపలో ఇంకొకరికి పోతాదంట. గాబ్రియేలును తోసింది వాళ్లే అయితే నేను చేవ్రాలు చెయ్యను. వాళ్లు కాకపోతే చెయ్యక తప్పదు. అది తేల్చేకే నిన్ను పిలిపించినా."

"మీ మనసు ఏ పక్కకుండాదమ్మా?"

ఆమె ఒడిలోని ఆకువక్క సంచి ముడి విప్పింది, మళ్లీ వేసింది.

"కొంటే నా జుట్టు మద్రాసోళ్ల చేతిలో ఉంటాది. యంత్రం నిలిచిపోతే వాళ్లు రైలెక్కి వచ్చేదాకా నేను కాళ్లు చాపుకోని కూర్చోవల్ల. సొంతంగా కట్టుకుంటే గాబ్రియేలు చేతిలో ఉంటాది. ఆయప్ప శానా మంచోడు. మంచోడు గుంతలో పడితే ఏమైతాదో ఇప్పుడు చూస్తాండా గదా."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఇంట్లోవాళ్లూ బయటివాళ్లూ ఆరు నెలలుగా తనకు నూరిపోస్తున్నారని కూడా చెప్పింది. సంతకం పెట్టిన రోజునే ఆ పదకొండు వేల చీటీలూ పాలిషు షెడ్డు పొయ్యిలోకి పోతాయి. ఆ సంగతి ఆమె మామూలుగానే అంది. సుంకప్పకు మాత్రం అది మామూలుగా అనిపించలేదు. గాబ్రియేలు ఆరేళ్ల కష్టం సంగతి అలా ఉంచితే, అతని తల ఎవరు పగలగొట్టారో చెప్పగలిగింది ఏదైనా ఉంటే అది ఆ గదిలోనే ఉంటుంది. సాయంత్రానికి అదీ బూడిదే.

ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టరు శ్రీనివాసులు గాబ్రియేలు కుర్చీలోనే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు, ఎదుటివాడు తన కన్నా తెలివైనవాడని ఒప్పుకోవడం కంటే కాలే కాఫీ మింగడం నయమనుకునే రకం.

"రైల్వేలో పోయిన చెప్పుల మూటలు వెతికే పని కాదయ్యా సుంకప్పా ఇది," అన్నాడు.

"అవును సార్. చెప్పుల మూటకు కాళ్లుండవు. అది కాలు జారి గుంతలో పడిందని ఎవరూ రాయరు."

శనివారం సాయంత్రం మొదట రాసుకున్న నోట్‌లో ఇన్‌స్పెక్టరు 'కాలు జారి పడి ఉండవచ్చు' అని రాశాడు. దెబ్బ తల వెనక తగిలిందనీ, మనిషి బోర్లా పడి ఉన్నాడనీ డాక్టరు చెప్పాకే అది కొట్టేశాడు. ఆ సంగతి ఈయనకెలా తెలిసిందో అర్థం కాక ఇన్‌స్పెక్టరు కప్పు కింద పెట్టాడు. నిజానికి అందులో గొప్పేమీ లేదు. నోటు పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. తలకిందులుగా ఉన్న కాగితాలు చదవడం గూడ్సు ఆఫీసుల్లో అందరికీ అబ్బే విద్య.

వేళలు మాత్రం ఇన్‌స్పెక్టరు పద్ధతిగా రాసుకున్నాడు. ఒంటిగంటకు గని భోజనాలకు మూతపడింది. ఒకటీ ఇరవైకి టీ తెచ్చిన భీమక్క, గాబ్రియేలు బల్ల దగ్గర చీటీలు ముందేసుకుని ఉండడం చూసింది. టీ వద్దని చెయ్యి ఊపాడట. రెండింటికి మేస్త్రీ తిమ్మయ్య వచ్చేసరికి గది ఖాళీ. రెండూ పదికి గుంతలోంచి మూలుగు వినబడింది. వరదరాజన్ పన్నెండూ నలభై బండికి దిగి, మూడింటిదాకా ప్రయాణికుల బంగళాలో పడుకున్నానన్నాడు. వాచ్‌మన్ అన్నానికి పోవడంతో సాక్షి లేడు. పుల్లయ్య రోడ్డు మీద లారీల దగ్గర ఉన్నాడు. ఆ లారీలవాళ్లు అవునన్నారు.

"నలభై నిమిషాలు. ఒక మనిషి, ఒక కారణం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గాబ్రియేలు లేకపోతే యంత్రం అమ్ముడుపోతుంది. అంతకన్నా ఏం కావాలి?"

సుంకప్ప చీటీల పెట్టెల దగ్గరికి నడిచాడు. గోడ వెంబడి పన్నెండు చెక్క పెట్టెలు. మొదటి పెట్టె మీద గోతాలు కుట్టే దబ్బనం ఒకటి ఉంది, వాడి వాడి నున్నగా మెరుస్తోంది. ఆయన ఒక చీటీ తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. అరచెయ్యంత అట్ట. మధ్యలో ఒక నంబరు తప్ప రాత లేదు. నాలుగు అంచుల వెంబడీ వరసగా చిన్న రంధ్రాలు. కొన్ని రంధ్రాలు గుండ్రంగా అలాగే ఉన్నాయి, కొన్నిటిని అంచుదాకా కత్తిరించి నోరు తెరిపించారు.

సంగతి అర్థం కావడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. ఒక్కో రంధ్రం ఒక్కో మాట. ఆ మాట ఆ సరుకుకు వర్తిస్తే దాని రంధ్రం నోరు తెరుస్తారు. కట్ట మొత్తాన్ని పేర్చి, కావలసిన రంధ్రంలోంచి దబ్బనం దూర్చి పైకెత్తితే, నోరు తెరిచిన చీటీలు కింద రాలతాయి, తక్కినవి దబ్బనానికి వేలాడతాయి. పదకొండు వేల చీటీల్లోంచి కావలసిన పదింటిని ఏరడానికి పది నిమిషాలు చాలు. మద్రాసు యంత్రం చేసేదీ ఇదే. దానికి పిడి ఉంది, దీనికి దబ్బనం ఉంది. సుంకప్పకు గాబ్రియేలు మీద గౌరవం పుట్టింది, అతన్ని చూడకుండానే.

ప్రతి చీటీకీ కుడి పై మూల వాలుగా కోసి ఉంది. పెట్టెలో వేసినప్పుడు ఆ కోసిన మూలలన్నీ ఒకే వరసలో వాలుగా కనిపిస్తాయి. ఏ చీటీ అయినా తిరగబడితే దాని మూల పైకి పొడుచుకొస్తుంది. సుంకప్ప ఒక్కొక్క పెట్టె మూతా తీసి, చీటీలు ముట్టుకోకుండా వంగి చూస్తూ పోయాడు. ఏడో పెట్టె దగ్గర ఆగిపోయాడు. వరస మధ్యలో ఒకచోట మూలలు గుంపుగా పైకి లేచి ఉన్నాయి. జాగ్రత్తగా బయటికి తీసి లెక్కపెట్టాడు. నలభై ఒకటి. నంబర్లు కూడా ఆ పెట్టెవి కావు, ఎక్కడెక్కడివో.

"వీటిని ఇక్కడ పెట్టింది గాబ్రియేలు కాదు సార్."

"మా కానిస్టేబుల్ కదిలించి ఉంటాడు."

"పెట్టెలు ముట్టలేదని మీ పంచనామాలోనే రాసుకున్నారు. గాబ్రియేలు ఆరేళ్లలో ఒక్క చీటీ తిరగేసి పెట్టలేదు, చూడండి. ఒకటీ ఇరవైకి అతని ముందు ఉన్నవి ఇవే. అతన్ని కొట్టినవాడు వీటిని బల్ల మీద వదిలి పోవడానికి భయపడ్డాడు, మూల సంగతి తెలియక ఎక్కడో ఒకచోట దోపాడు. మద్రాసు కంపెనీ మనిషికి చీటీ మూల ఎందుకు కోస్తారో తెలియదంటే నేను నమ్మను. వాళ్ల చీటీలకూ మూల ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు లేచి వచ్చి, వంగి చూశాడు. రెండు రోజులుగా అదే గదిలో కాఫీ తాగిన మనిషి. ఆయన ముఖం కాస్త ఎర్రబడిన మాట నిజం.

"చీటీలు తిరగబడినంత మాత్రాన ఏజెంటును వదిలేయమంటావా? పోయిన వారం వచ్చినప్పుడు రెండుసార్లు గాబ్రియేలు ఇంటికి పోయాడు వాడు. ఎందుకు పోయాడంటే నోరు విప్పడు. బెదిరించడానికి కాకపోతే ఎందుకు?"

"చేతిలో ఏమైనా పట్టుకుపోయాడా?"

"మిఠాయి పొట్లం," అని ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు, కొంచెం ఆలస్యంగా.

అతిథి గదిలో వరదరాజన్ కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అతన్ని సుంకప్ప ఎక్కువ తిప్పలు పెట్టలేదు. యంత్రం కొనేది కృష్ణవేణమ్మ అయితే గుమాస్తా ఇంటికి మిఠాయి ఎందుకని అడిగాడు. ఏజెంటు నేల చూశాడు. చెప్పకపోతే గుంతలో తోసింది అతనేనని పోలీసులు కథ ముగిస్తారనీ, చెబితే మహా అయితే ఒక బేరం పోతుందనీ, రెండిటిలో ఏది బరువో తూచుకోమనీ సుంకప్ప నెమ్మదిగా అన్నాడు. ఆ క్షణం నుంచి వరదరాజన్ ఆయన్ను మనసారా ద్వేషించాడు, కానీ చెప్పాడు.

"మా యంత్రం చీటీలు ఏరుతుంది గానీ, ఏ రంధ్రానికి ఏ అర్థమో దానికి తెలియదండీ. అది ఎవరో మనిషి కూర్చుని తేల్చాలి. మాకు బండల వ్యాపారం తెలియదు. గాబ్రియేలు గారు లేకపోతే ఆ యంత్రం పెట్టెతో సహా వరండాలో పడి ఉంటుంది. ఆయన్ను ఎలాగైనా మా జీతం మీదికి తీసుకోమని మద్రాసు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. కోటు లోపలి జేబులో ఉంది. ఆ మాట అమ్మగారికి తెలిస్తే యంత్రం ఎవరు కొంటారు చెప్పండి?"

ఇన్‌స్పెక్టరు ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివాడు. కట్టినా కొన్నా గాబ్రియేలే కావాలన్నమాట. అతను చస్తే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఈ కోటు మనిషే. ఇంతకాలం ఇన్‌స్పెక్టరు గట్టిగా పట్టుకున్న కారణం చేతిలోంచి జారిపోయింది.

సుంకప్ప ఇంకొక్క సంగతి అడిగాడు. పాత చీటీలను పొయ్యిలో వేయాలని ఎవరి ఆలోచన? ఏజెంటు తల అడ్డంగా ఊపాడు. తమది కాదన్నాడు. పాత పదకొండు వేలనూ కొత్త చీటీల మీదికి తామే ఊరికే ఎక్కించి ఇస్తామని కంపెనీ రాసిందట. అక్కర్లేదు, ఈ నెల ఒకటో తేదీ నుంచి కొత్తగా మొదలుపెట్టండి, పాతవన్నీ తీసేస్తున్నాం అని గని నుంచి ఇంగ్లీషులో జవాబు వచ్చిందట. కింద కృష్ణవేణమ్మ తరఫున అని ఒక పొడి సంతకం, చదవడానికి రాదు.

సుంకప్ప తిరిగి వస్తూ ఆలోచనలో పడ్డాడు. రైల్వేలో ఆయన నేర్చుకున్న పాఠం ఒకటుంది. సరుకు పోయినచోట, పాత కాగితాలు తగలబెడదామని మొదట అనేది ఎవరో చూడాలి. కొత్తది కొనాలా, సొంతది కట్టుకోవాలా అని ఈ ఇంట్లో ఆరు నెలలుగా వాదించుకున్నారు. ఎవరో ఒకరికి ఆ వాదన అక్కర్లేదు. కొత్త యంత్రానికి వెనకటి జ్ఞాపకం ఉండదు గనుకే అతనికి అది కావాలి.

ఆఫీసు మెట్టు మీద ఒక బట్టల మూటతో గాబ్రియేలు భార్య విశ్వాసమ్మ కూర్చుని ఉంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, పిల్లలను చూసుకుందామని నిన్న సాయంత్రం వచ్చింది. మళ్లీ ఈ సాయంత్రం బస్సుకు పోవాలి. ఆమె దగ్గర ఏమీ దొరకదనీ, సంతకం కూడా రాదనీ, వేలిముద్ర వేయించుకున్నాననీ ఇన్‌స్పెక్టరు చెప్పాడు. సుంకప్ప ఆమె వేళ్లు చూశాడు. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మొద్దుబారిన కాయలు. పొలం పనికి కాయలు అరచేతిలో వస్తాయి, అక్కడ రావు.

"కత్తెర పట్టింది నువ్వేనా అమ్మా?"

ఆమె తల ఊపింది. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. పెళ్లికి ముందు నూనె మిల్లులో గోతాలు కుట్టేదట, దబ్బనం ఆమెదే. ఒకరోజు గాబ్రియేలు దబ్బనంతో అట్టముక్కలు గుచ్చి పెట్టుకుంటుంటే, చిరిగినవి జారిపోవడం ఆమే చూపించిందట. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అతను రసీదు చదివితే ఈమె కత్తిరించేది. రసీదులు చెదలు తినేశాయి, చీటీలే మిగిలాయి. పదకొండు వేలూ ఆ చేతి మీదుగానే పోయాయి.

"ఇన్‌స్పెక్టరు సారుకు చెప్పలేదే?"

"అడగలేదప్పా. కాయితం చూసినావా అన్నాడు. లేదంటి. ఆ కాయితం నాకెందుకు? గుర్తులు రానోళ్ల కోసం రాసింది గదా అది."

ఇన్‌స్పెక్టరు గదిలోకి పోయి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. సుంకప్ప ఆమెనూ లోపలికి తీసుకెళ్లి, ఆ నలభై ఒక్క చీటీల్లోంచి పైదాన్ని చేతికిచ్చాడు. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు. కోసిన మూల వెతుక్కుని సరిగ్గా పట్టుకుని, బొటనవేలి గోరుతో అంచు వెంబడి నిమురుతూ పోయింది. జపమాల తిప్పినంత నెమ్మదిగా ఉంది ఆ వేలు.

"పైన నాలుగోది, తెల్ల పాలిషు బండ. రెండడుగులది. కింద తొమ్మిదోది, పగులు. ఆ పక్కది, లారీకి ఎక్కింది." ఆమె వేలు ఆగిపోయింది. "ఇదేందప్పా. పగిలిన బండ లారీకెందుకు ఎక్కుతాది? కుడి పక్క ఆరోది. ఎర్రగుంట్లకు పోయింది."

సుంకప్ప కృష్ణవేణమ్మను లోపలికి పిలిపించాడు. ఆమె వచ్చి నిలబడింది. విశ్వాసమ్మ చీటీలన్నిటినీ సరైన వైపుకు తిప్పి, బల్ల మీద తట్టి, పగులు రంధ్రంలోంచి దబ్బనం దూర్చి ఎత్తింది. నలభై ఒకటీ రాలిపోయాయి. మళ్లీ పేర్చి లారీ రంధ్రంలో గుచ్చింది. నలభై ఒకటీ రాలాయి. ఎర్రగుంట్ల రంధ్రంలో గుచ్చితే దబ్బనానికి ఒక్కటీ మిగల్లేదు. 

"అమ్మా, పగిలిన బండలు ఏం చేస్తారు మీరు?"

"సున్నం బట్టీకి వేస్తాం. ఈడనే," అంది కృష్ణవేణమ్మ. "ఎర్రగుంట్లలో అడుగు తీసి అడుగేస్తే రాయే. ఆడికి పగిలిన రాయి ఎవురు మోస్తారు?"

"ఎవరూ మోయరు. పగులు అని చెప్పి పగలనివే పోయినాయి. చీటీకొక లారీ, నలభై ఒక్క లారీలు."

ఆమె ముఖంలో రంగు మారింది. ఎవరో ఎర్రగుంట్లలో తన బండలతోనే తనకు పోటీ అంగడి పెట్టారని రెండేళ్లుగా వింటోంది. ఎవరో కనుక్కోమని మనుషులను పంపింది. పంపిన మనుషులందరూ తెలియలేదని తిరిగొచ్చారు. ఆ మనుషులను తనకు ఎంచి ఇచ్చింది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది, కుర్చీ చేయి పట్టుకుంది.

"ఇంకొకటి మిగిలింది విశ్వాసమ్మా," అన్నాడు సుంకప్ప. "పగులు అని తేల్చి పంపించేది ఎవరో, దానికి కూడా బొక్క ఉంటాది గదా?"

విశ్వాసమ్మ దబ్బనం పట్టుకుని నిలబడింది. ఎడమ అంచున మూడే రంధ్రాలు. పైది అమ్మగారిది, కిందది మేస్త్రీ తిమ్మయ్యది అని చెప్పింది. నడిమిది ఎవరిదో చెప్పలేదు. కృష్ణవేణమ్మ వైపు భయంగా చూసింది. ఆ ఇంటి ఉప్పు తిన్న మనిషికి ఆ మాట నోట రావడం ఎంత కష్టమో ఆ చూపులో తెలిసింది.

"గుచ్చు," అంది కృష్ణవేణమ్మ. "గుచ్చు విశ్వాసమ్మా. నాకు భయం ల్యాదు."

నడిమి రంధ్రంలోంచి దబ్బనం దూరింది. పైకెత్తితే దబ్బనం ఒంటిగా మెరిసింది.

"పుల్లయ్య సామిదమ్మా," అని విశ్వాసమ్మ నేల చూస్తూ చెప్పింది.

భర్త పోయిన రోజు, వదినా నేనుండా అని పక్కన నిలబడ్డ మనిషి. కృష్ణవేణమ్మకు కోపం కంటే ముందు సిగ్గేసింది. తొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టినందుకు సిగ్గు. ఒప్పందం కాగితాన్ని మడిచి, చూడకుండానే ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. పాతవి మరిచిపోయే యంత్రం తనకొద్దని, కొనాలన్నా కట్టుకోవాలన్నా ఈ చీటీలతోనే మొదలు కావాలని అంది.

పరీక్ష కోసం గాబ్రియేలు శనివారం పెట్టెలన్నీ గుచ్చి చూసుకుంటుంటే ఈ నలభై ఒకటి రాలి ఉంటాయని సుంకప్ప వివరించాడు. పగిలిన బండ లారీ ఎందుకెక్కిందో అర్థం కాక, అమాయకంగా ఆ లారీల పెద్ద పుల్లయ్యనే అడిగి ఉంటాడు. అడిగినవాణ్ని గుంతలోకి తోసి, చీటీలు మూగబోవాలని సొరుగులో కాగితం కూడా ఆయనే తీసుకుపోయి ఉంటాడు. లారీలవాళ్లు పుల్లయ్య అక్కడే ఉన్నాడనక ఏమంటారు, ఆయన మనుషులు గదా. ఇన్‌స్పెక్టరు నోటు పుస్తకం జేబులో పెట్టుకుని, పుల్లయ్య ఇప్పుడెక్కడున్నాడని అడిగాడు.

"కర్నూలుకు పోయినాడు," అంది కృష్ణవేణమ్మ. "ఎనిమిదిన్నర బస్సుకు. పొద్దున ఆసుపత్రి నుంచి తంతి వచ్చింది. గాబ్రియేలు అట్లే ఉండాడంట, తెలివి రాలేదంట అని చదివి చెప్పినాడు. ఆడ ఎవురూ లేరు గదా వదినా, నేను చూసొస్తా అని గంజి క్యారియరు పెట్టించుకోని పోయినాడు."

తెలివి లేని మనిషికి గంజి ఎందుకని అనుకుంటూ సుంకప్ప తంతి కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆకువక్క సంచిలోంచి మడిచిన తంతి కాగితం తీసి ఇచ్చింది. ఇంగ్లీషు ముక్క ఏది వచ్చినా ఆ ఇంట్లో నేరుగా పుల్లయ్య చేతికే పోయేది. ఆయన ఏం చదివితే అదే అందులో ఉన్నట్టు. తొమ్మిదేళ్లలో ఎవరికీ దాన్ని రెండోసారి చదివించాలని తోచలేదు.

సుంకప్ప ఒకసారి చదివాడు. తర్వాత విశ్వాసమ్మ వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"నీ మొగుడికి తెల్లారుజామున తెలివొచ్చిందమ్మా. మాట్లాడుతున్నాడంట. భార్యను వెంటనే పంపండి అని రాసినారు."

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. బస్సు కర్నూలు చేరేది పదకొండున్నరకు. ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటాడు, తపాలాఫీసులో ఆసుపత్రికి ట్రంకు ఫోను దొరుకుతుందేమో చూడమని కానిస్టేబుల్‌ను పరుగెత్తిస్తున్నాడు. జీపులో ఎంత తోలినా గంటన్నర. గాబ్రియేలు ఒక్కడే లేడనీ, వార్డులో నర్సులుంటారనీ, తననెవరు కొట్టారో తెలిసిన మనిషి జాగ్రత్తగానే ఉంటాడనీ సుంకప్ప ఆమెకు ధైర్యం చెప్పబోయాడు.

విశ్వాసమ్మ వినలేదు. దబ్బనం ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

"వెనక నుంచి కొట్టినారు గదప్పా. ఎవురు కొట్టింది ఆయన చూసుండడు," అంది. "పుల్లయ్య సామి తన చేత్తో గంజి పోసిస్తే మా ఆయన వద్దనడు. లేసి కూర్చోని, రెండు చేతులా పట్టుకోని తాగుతాడు."